బిడ్డ చేసిన కసూర్ ఏంటి?

“పంపించేస్తారంట.”

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, మార్కాపురం... ఈ ఊళ్లలో మిర్చి యార్డు రేటు తర్వాత ఎక్కువగా వినపడుతున్న మాట ఇదే. పత్తి, మిర్చి పండించి, అది చాలక ఎకరమో రెండెకరాలో అమ్మి, బ్యాంకు లోను తీసి పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లు ఇవి. మన ముసల్మాన్ ఇళ్లూ అందులో ఉన్నాయి. తాతల కాలంలో దూది ఏకిన నూర్‌బాషా ఇళ్ల పిల్లలు ఇవాళ డాలస్‌లో సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. వాళ్లకి పుట్టిన, వాళ్ల వెంట వెళ్లిన పిల్లలు అక్కడి బడుల్లో పెరుగుతున్నారు. ఆ పిల్లల్ని ఉంచుతారా, పంపుతారా అని ఇక్కడ దాదీ, నానీలు తస్బీహ్ తిప్పుతూ టీవీ చూస్తున్నారు.

ఆ పిల్లల కసూర్ ఏంటని అడగడం మన హక్. అడగాలి. కానీ అదే సవాల్ మన దేశంలో, మన బస్తీలో ఇంకో బిడ్డ తరఫున ఎవరైనా అడిగితే మన జవాబ్ ఏంటి? తరాజూ ఒకటే అయితే రెండు చోట్లా ఒకేలా తూగాలి కదా. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ముందు అమెరికా సంగతి సాఫ్‌గా చూద్దాం. అక్కడ రెండు రకాల పిల్లలున్నారు. మన టీవీలు ఇద్దర్నీ కలిపేసి గందరగోళం చేస్తాయి.

మొదటి రకం, కాగజ్‌లు లేకుండా అమ్మీ అబ్బాల చెయ్యి పట్టుకుని సరిహద్దు దాటినవాళ్లు, లేదా వీసా గడువు అయిపోయాక ఉండిపోయిన ఇళ్ల పిల్లలు. ఎక్కువమంది మెక్సికోవాళ్లు. వీళ్లని ‘డ్రీమర్స్’ అంటారు. 2012 జూన్ 15న ఒబామా సర్కార్ వీళ్ల కోసం ‘డాకా’ అనే ఏర్పాటు తెచ్చింది. పదహారేళ్లు నిండకముందు వచ్చి, 2007 జూన్ నుంచి అక్కడే ఉండి, చదువుకుని, పెద్ద నేరాలేవీ చేయనివాళ్లని రెండేళ్లపాటు పంపించరు, పని చేసుకోనిస్తారు. రెండేళ్లకోసారి మళ్లీ దర్ఖాస్తు పెట్టుకోవాలి. అది గ్రీన్ కార్డూ కాదు, పౌరసత్వమూ కాదు. ఉత్త ముహలత్. ఐదు లక్షలమందికి పైగా ఆ ముహలత్ మీదే బతుకుతున్నారు.

2017 సెప్టెంబరులో ట్రంప్ సర్కార్ దాన్ని రద్దు చేస్తున్నామంది. 2020 జూన్ 18న అక్కడి సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ రద్దును కొట్టేసింది. డాకా ఉండి తీరాలని కోర్టు అనలేదు. దాన్ని నమ్ముకుని చదువులు, ఉద్యోగాలు, సంసారాలు కట్టుకున్నవాళ్లు ఏమైపోతారో ఆలోచించకుండా తీసేయడం కుదరదంది. ఈ మాట యాద్ పెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

రెండో రకం మన పిల్లలు. అబ్బా హెచ్-1బీ వీసా మీద వెళ్తాడు. బీవీ, పిల్లలు హెచ్-4 మీద. అన్ని కాగజ్‌లతో, చట్టప్రకారం ఎయిర్‌పోర్టులో దిగినవాళ్లే. బిడ్డకి అప్పటికి రెండేళ్లో నాలుగేళ్లో. అక్కడి బడి, అక్కడి దోస్తులు, అక్కడి భాష. ఇరవై ఒకటి నిండగానే ఆ హెచ్-4 చెల్లదు. అప్పటికి అబ్బాకి గ్రీన్ కార్డు రాకపోతే బిడ్డ వేరే వీసా వెతుక్కోవాలి, లేదా దేశం వదిలిపోవాలి.

గ్రీన్ కార్డు ఎందుకు రాదు? ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 ఇస్తారు. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటకూడదని హద్దు. చిన్న దేశానికీ అదే హద్దు, ఇండియాకీ అదే. అందుకే మనవాళ్ల లైను దశాబ్దాల పొడుగు సాగింది. అబ్బా లైన్లో నిలబడి ఉండగానే బిడ్డకి ఇరవై ఒకటి వచ్చేస్తుంది. ఇలాంటి పిల్లలు రెండున్నర లక్షలు ఉంటారని వాళ్ల కోసం పనిచేసే ‘ఇంప్రూవ్ ద డ్రీమ్’ సంస్థ అంచనా. తెలుగు ఇళ్ల పిల్లలు అందులో తక్కువేం కాదు.

డాకా వీళ్లకి ఎందుకు పనికిరాదో తెలుసా? 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధమైన వీసా ఉండకూడదన్నది దాని షరతు. వీళ్లకి ఉంది. కానూన్ తప్పనందుకే ఆ తలుపు మూసుకుంది. వీళ్లకి దారి చూపించాలని 2021 నుంచి రెండు పార్టీల సభ్యులూ కలిసి బిల్లులు పెడుతున్నారు, ఒక్కటీ గట్టెక్కలేదు. పైగా పిల్లల వయసు లెక్కకట్టే పద్ధతిని 2025 ఆగస్టు 15 నుంచి ఇంకా బిగించారు.

మన ఇళ్లల్లో దీని మీద రెండు అభిప్రాయాలు లేవు. అందరిదీ ఒకటే మాట, బిడ్డ ఏం చేసిందని.

ఇన్సాఫ్ అడిగేవాడు తన హిసాబ్ కూడా దాచకూడదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ బండారం బయటపడినప్పుడు, అక్కడ చేరిన విద్యార్థుల్లో అత్యధికులు అప్పటి మన ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకి రేడియో కాలర్లు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అసలు ఆ యూనివర్సిటీ పెట్టిందే అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు, వల వేయడానికి. ఆ ఆపరేషన్ పేరు ‘పేపర్ చేజ్’, అంటే కాగజ్‌ల వేట. సుమారు 600 మంది చేరారు. పిల్లల్ని చేర్పించిన దళారులని ఎనిమిదిమంది మీద కేసు పెడితే ఎనిమిదిమందీ తెలుగువాళ్లే. క్లాసులు జరగవని తెలిసే చేరినవాళ్లు ఉన్నారు, మోసపోయినవాళ్లూ ఉన్నారు. కట్టించుకున్న ఫీజు సంగతి తేల్చమని విద్యార్థులు వేసిన కేసు ముందుకు సాగవచ్చని 2024లో అక్కడి అప్పీల్ కోర్టు చెప్పింది.

ఈ రెండు కిస్సాలూ ఎందుకు ఎత్తానంటే, ఇరవై మూడేళ్ల మనిషి తెలిసి సంతకం పెడితే దాని బాధ్యత అతనిది. నాలుగేళ్ల బిడ్డని ఎత్తుకుని విమానం ఎక్కిస్తే బాధ్యత బిడ్డది కాదు. ఈ రెండు ఖాతాలూ వేరు. పెద్దవాళ్ల ఖాతాలోని బాకీని బిడ్డ ఖాతాలో రాయకూడదు. ఒకరి గునాహ్ బరువు ఇంకొకరు మోయరన్నది మన దీన్ చెప్పే ఉసూల్ కూడా.

నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో, డిగ్రీ తెలుగులో, తింటున్నది పేపర్ కూడు. కాబట్టి మాటల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఒకప్పుడు పేపర్లలో ‘అక్రమ సంతానం’ అని రాసేవాళ్లు. నికా కాకుండా, పెళ్లి చెల్లకుండా పుట్టిన బిడ్డ గురించి. మెల్లగా ఆ మాట రాయడానికి చెయ్యి వెనకాడింది. తప్పంటూ ఉంటే పెద్దలది, బిడ్డలో అక్రమం ఏముంటుంది? 2011లో రేవణసిద్దప్ప కేసులో మన సుప్రీంకోర్టు కూడా ఇదే ఆలోచన చెప్పింది. అమ్మానాన్నల సంబంధాన్ని చట్టం ఒప్పుకోకపోవచ్చు, దానికి బిడ్డ బాధ్యత లేదని. 2023లో పెద్ద బెంచి అలాంటి పిల్లలకి తల్లిదండ్రుల వాటాలో హక్ ఉందని ఖాయం చేసింది. అమెరికా సుప్రీంకోర్టు 1982లో టెక్సాస్ బడుల కేసులో ఇదే దారిలో నడిచింది. తల్లిదండ్రులు కాగజ్‌లు లేకుండా వచ్చారని పిల్లల్ని బడికి దూరం చేయకూడదంది.

‘అక్రమ సంతానం’ అనడం తప్పని ఒప్పుకున్న మనం ‘అక్రమ వలసదారుల పిల్లలు’ అంటూ అదే మరకని ఇంకోవైపు నుంచి పూస్తున్నాం. నోరు తిరిగిపోయింది కాబట్టి తెలియడం లేదు.

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది హిందుస్తానీలని అమృత్‌సర్‌లో దింపింది. చేతులకి బేడీలు, కాళ్లకి గొలుసులు. దేశమంతా కోపం వచ్చింది. రావాల్సిందే. పని వెతుక్కుంటూ పోయిన మనిషిని ఖూనీకోరులా గొలుసులు వేసి తెస్తారా అని పార్లమెంటులో కూడా నిలదీశారు. అదే ఏడాది మే నెలలో ఢిల్లీలో పట్టుకున్న రోహింగ్యాల్లో సుమారు 40 మందిని కళ్లకి గంతలు కట్టి అండమాన్ తీసుకెళ్లి, ఓడలో మయన్మార్ ఒడ్డు దగ్గర సముద్రంలోకి దింపేశారని వార్తలొచ్చాయి. ఐక్యరాజ్యసమితి తరఫున మయన్మార్ వ్యవహారాలు చూసే టామ్ ఆండ్రూస్ దీని మీద విచారణ మొదలుపెట్టారు. ఫిర్యాదు మన సుప్రీంకోర్టుకి వెళ్తే ఆధారాలేవని అడిగింది. నిజం తేలాల్సిందే. కానీ ఫిబ్రవరిలో గొలుసులు చూసి రగిలిన గుండెలు మే నెలలో ఎందుకు చల్లగా ఉన్నాయి?

హైదరాబాద్‌లో బాలాపూర్, పహాడీషరీఫ్ వైపు రోహింగ్యాల బస్తీలున్నాయి. రేకులు, టార్పాలిన్లు, చిత్తుకాగితాల మూటలు. 2012లో అరకాన్‌లో ఇళ్లు తగలబెట్టాక పారిపోయి వచ్చినవాళ్లు కొందరు, ఆ తర్వాత వచ్చినవాళ్లు ఇంకొందరు. చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు ఉంటుంది. 1951 శరణార్థి ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు కాబట్టి ఆ కార్డుకి సర్కార్ దగ్గర విలువ లేదు. 2017 ఆగస్టులోనే వీళ్లని గుర్తించి పంపించమని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకి రాసింది.

ఈ బస్తీలో పుట్టిన బిడ్డ సంగతి ఆలోచించండి. మన పౌరసత్వ చట్టం ప్రకారం 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టిన బిడ్డకి తల్లిదండ్రుల్లో ఒక్కరైనా అక్రమ వలసదారుగా ఉంటే ఇక్కడ పుట్టినందువల్ల పౌరసత్వం రాదు. బర్మాలో 1982 చట్టం ఆ బిడ్డ తల్లిదండ్రుల పౌరసత్వాన్నే ఊడబెరికింది. అంటే బిడ్డకి ఇక్కడా వతన్ లేదు, అక్కడా లేదు. “వెనక్కి పంపండి” అంటాం. ఎక్కడికి వెనక్కి? ఆ బిడ్డ బర్మా చూసింది లేదు. తెలిసిన ఊరల్లా హైదరాబాదే. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు రోహింగ్యాలని పంపడాన్ని ఆపలేదు, చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండా మాత్రం పంపొద్దంది. ఆ పద్ధతిలో ఈ బిడ్డకంటూ ఒక ఖాతా ఎక్కడుంది?

బర్మా మాట వచ్చింది కాబట్టి మన తెలుగువాళ్ల తారీఖ్ కూడా ఒకటి చెప్పుకోవాలి. తరాలపాటు మన కోస్తా జనం రంగూన్ పోయి రేవుల్లో, మిల్లుల్లో కూలి చేశారు. 1962లో నె విన్ సైన్యం గద్దెనెక్కింది. 1964 నుంచి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసింది. హిందుస్తానీలు లక్షల్లో కట్టుబట్టలతో ఓడలెక్కారు. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. రంగూన్‌లో పుట్టి బర్మా భాష మాట్లాడే పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు ఆ రోజులదే. సర్కార్ వాళ్లకి నీడ చూపింది. వాళ్లు మన మూలాలవాళ్లు, రోహింగ్యాలు కాదు కదా అంటారు కొందరు. నిజమే, చట్టం దృష్టిలో తేడా ఉంది. కానీ వెళ్లగొట్టింది అదే దేశం, నమ్ముకున్న ఊరు ఒక్కరోజులో పరాయిదైపోవడం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకి ఒకరు నేర్పనక్కర్లేదు.

ఎదుటి వాదన కూడా వినాలి. ఏ దేశానికైనా సరిహద్దు ఉంటుంది, ఎవరు రావాలో చెప్పే హక్కు దానికుంటుంది. నేను కాదనను. సరిహద్దు కాపలా వేరు, ఇరవై ఏళ్లుగా లోపల పెరిగిన పిల్లల సంగతి వేరు. గేటు దగ్గర ఆపడానికి రాసుకున్న నియమాన్ని ఇంట్లో పెరిగిన బిడ్డ మీద వాడకూడదు. దేశ భద్రత అంటారు. నేరం చేసినవాడి మీద కేసు పెట్టండి, కోర్టులో నిలబెట్టండి. పేరు, భాష, పుట్టుక చూసి మొత్తం బస్తీని ముజ్రిమ్ చేయకండి. మన గరీబులకే దిక్కులేదు, వాళ్లకెక్కడ పెడతాం అంటారు. బడి బయట నిలబెట్టిన బిడ్డ వల్ల మన గరీబుకి ఒక్క మెతుకు ఎక్కువ రాదు. అమెరికాలో మన పిల్లల మీద అక్కడివాళ్లు అనే మాటలు కూడా అచ్చం ఇవే. మా ఉద్యోగాలు, మా సీట్లు, మా పన్నులు. అక్కడ వినపడితే మనకి జుల్మ్‌లా ఉంటుంది, మన నోటి నుంచి వస్తే లెక్కలా ఉంటుంది.

హబ్షా హిజ్రత్ మన పిల్లలకి కూడా తెలిసిన కిస్సా. మక్కాలో జుల్మ్ భరించలేక కొందరు సముద్రం దాటి హబ్షా చేరారు. ఖురైష్ సర్దార్ల మనుషులు కానుకలు పట్టుకుని నజాషీ దర్బార్‌కి వెళ్లి, పారిపోయి వచ్చినవాళ్లని తమకి అప్పజెప్పమన్నారు. ఇవాళ్టి మాటలో డిపోర్టేషన్ అడిగారు. నజాషీ అప్పటికి నసారా, ముస్లిం కాదు. అయినా ముందు వాళ్ల మాట వింటానన్నాడు. జాఫర్ బిన్ అబూతాలిబ్ రజి. నిలబడి తమ హాల్ చెప్పారు. విన్న తర్వాత అప్పజెప్పనన్నాడు. ఈ కిస్సాలో మనం జాఫర్ రజి. ధైర్యం చెప్పుకుంటాం. నజాషీ చేసిన పని కూడా చూడాలి. పంపేముందు సునవాయీ ఇచ్చాడు.

ఇక మన ఊళ్లు. సంక్రాంతి దాటిందంటే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కూలీలు మిర్చి కోతకి మన చేలకి దిగుతారు. వెంట పిల్లలు. చేలగట్ల పక్కన పట్టాల గుడారాలు. అమ్మ ఎక్కడుంటే బిడ్డ అక్కడే, బడి మాత్రం ఆగిపోతుంది. వాళ్లని ఎవరూ చొరబాటుదారులనరు, మన రాష్ట్రంవాళ్లే. మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో, బిర్యానీ హోటళ్లలో బీహార్, ఒడిశా, బెంగాల్ కుర్రాళ్లు పని చేస్తున్నారు. వాళ్లలో బెంగాలీ మాట్లాడే ముసల్మాన్ అయితే మాత్రం చూపు మారిపోతుంది. “బంగ్లాదేశీ ఏమో!”

ఆ చూపు బయటివాళ్లది మాత్రమే అని సర్దిచెప్పుకోకండి. మన నుక్కడ్‌లలోనూ వినపడుతోంది. వీళ్లతో కలిసి తిరిగితే రేపు మన మీదికి వస్తుందని ఖౌఫ్. ఆ ఖౌఫ్ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2019 ఆగస్టు 31న అస్సాం ఎన్నార్సీ జాబితాలో 19,06,657 మంది పేర్లు లేవన్నారు. ఆ చలికాలం మన ఇళ్లల్లో బీరువాలు ఖాళీ చేసి కాగజ్‌లు వెతకని ఇల్లు లేదు. ఆధార్‌లో షేక్, రేషన్ కార్డులో షేఖ్, టెన్త్ మెమోలో ఎస్‌కే. అమ్మీ పుట్టిన తేదీ ఏ కాగజ్‌లోనూ లేదు. తాతలు ఇక్కడే పుట్టి ఇక్కడే ఖబరస్తాన్‌లో పడుకున్నా, రుజువు చూపించమంటే చేతులు వణికాయి. విదేశీ అన్న అనుమానం వస్తే కాదని రుజువు చేసుకునే భారం ఆ మనిషి మీదే. పాత విదేశీయుల చట్టంలో ఉన్నది అదే, 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఉన్నదీ అదే.

ఖౌఫ్ ఉన్నవాడు ఖామోష్‌గా ఉంటే బతికిపోతాడా? 2025 జూన్‌లో బెంగాల్ బీర్‌భూమ్ నుంచి ఢిల్లీకి పనికొచ్చిన కుటుంబాలని బంగ్లాదేశీలని సరిహద్దు దాటించేశారు. వాళ్లలో ఒక గర్భిణి, ఆమె ఎనిమిదేళ్ల కొడుకు ఉన్నారు. కలకత్తా హైకోర్టు సెప్టెంబరులో ఆ పంపడం చెల్లదంది. తల్లీబిడ్డలు డిసెంబరులో గానీ తిరిగి రాలేకపోయారు. ముందు పంపి తర్వాత విన్నారు. ఆ ఆరు నెలలు ఆ బిడ్డకి ఎవరు తిరిగిస్తారు? పక్కవాడికి సునవాయీ లేకుండా పోయినప్పుడు మనం చూస్తూ ఊరుకుంటే, మన వంతు వచ్చేసరికి అడిగే మనిషి మిగలడు.

సర్కార్‌ని అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. పసితనంలో వచ్చిన, ఇక్కడే పుట్టిన పిల్లలకి తల్లిదండ్రుల ఫైలుతో సంబంధం లేకుండా విడిగా ఒక ఫైలు తెరవాలి. బడి, ఆ తర్వాత పని చేసుకునే అనుమతి ఇవ్వాలి. ఏ ఒక్కరినీ సునవాయీ లేకుండా, ప్రాణభయం ఉన్న చోటికి పంపకూడదు. అమెరికాని మన పిల్లల కోసం మనం అడుగుతున్నది కూడా ఇంతే కదా. మన రాజ్యాంగం 21వ అధికరణంలో ప్రాణరక్షణ ‘పౌరుడికి’ అని లేదు, ‘ఏ వ్యక్తికైనా’ అని ఉంది. చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు అదే గుర్తుచేసింది.

మన చేతిలో ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి. బెంగాలీ మాట్లాడే కూలీ ఫొటో పెట్టి ‘బంగ్లాదేశీ’ అని వచ్చే వీడియోని ముందుకు పంపకండి. మీ వీధిలో పనివాణ్ని ఎవరైనా అనుమానం మీద తీసుకెళ్తే, ఎక్కడికి, ఏ కేసులో అని అడగండి. అడగడం జుర్మ్ కాదు. నిర్బంధంలో ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, పిల్లలకి సంపాదనతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీల్‌ని ఇవ్వాలి. ఫోన్ నంబరు 15100. మసీదు బోర్డు మీద రాసి పెట్టండి. మన కాగజ్‌ల్లో పేర్లు, తేదీలు సరిచేసుకోండి, అది కూడా బాధ్యతే.

చివరిగా ఒక చిన్న పని. ఈ మిర్చి కోతల్లో మీ ఊరి చుట్టుపక్కల గుడారాల్లో, హోటళ్ల వెనక గదుల్లో బడికి పోని పిల్లలు ఎవరున్నారో చూడండి. ఆదోని బిడ్డయినా, బెంగాల్ బిడ్డయినా దగ్గర్లోని సర్కార్ బడికి వెంటబెట్టుకుని వెళ్లండి. కాగజ్ లేదని అభ్యంతరం చెబితే, వయసు రుజువు లేదనే కారణంతో ఏ బిడ్డనీ వెనక్కి పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో ఉందని అదబ్‌గా చెప్పండి. పేరు రిజిస్టర్లో ఎక్కేదాకా అక్కడే కూర్చోండి.